పాకం ఎవరికోసమూ ఆగదు



ముందుగా మీకో చప్పుడు వినిపిస్తాను. స్టూడియోకి వస్తూ సంచిలో ఒక స్టీలు పళ్ళెం, రెండు చిన్న బెల్లపు ముక్కలు తెచ్చుకున్నాను. రెండూ ఈ పొద్దున్న ఒకే మూకుడులోంచి తీసినవి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా నాలుగైదు నిమిషాలు. ఇదిగో మొదటిది.

(పళ్ళెంలో మెత్తటి ముక్క పడిన చప్పుడు)

'తప్' మంది కదూ? తడిబట్ట గట్టుమీద పడేసినట్టు. ఇప్పుడు రెండోది వినండి.

(పళ్ళెంలో గట్టి ముక్క పడిన చప్పుడు)

'టంగ్!' రూపాయి బిళ్ళ పడిందా అన్నట్టు మోగింది. సంక్రాంతి మిఠాయి కథంతా ఈ రెండు చప్పుళ్ళ మధ్యే ఉంది. మొదటి చప్పుడుకి పాకం దించేస్తే వేరుసెనగ ఉండలు, నువ్వుల ఉండలు పళ్ళకి అంటుకుంటాయి, డబ్బాలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. రెండో చప్పుడు దాటిపోయాక దించితే మాడు వాసన, చేదు. సరిగ్గా మోగిన క్షణాన దించితే పదిహేను రోజులైనా కరకరలాడతాయి.

ఈ చప్పుడు వినడం నాకు నేర్పింది మా అమ్మమ్మ. ఆవిడది అనకాపల్లికి దగ్గర పల్లె. అరవై దాటేసరికి రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మేశాయి. ఎదురుగా మనిషి నిలబడితే గొంతునిబట్టి పోల్చుకునేది. అయినా పెద్దపండక్కి పాకం పట్టే పని మాత్రం ఎవరికీ ఒప్పగించేది కాదు. పొయ్యి ముందు పీట వేసుకుని తనే కూర్చునేది. పక్కన మా పిన్ని గిన్నెడు చన్నీళ్ళు పెట్టుకుని ఉండేది. గరిటతో నాలుగు చుక్కల పాకం ఆ నీళ్ళలో వేసి, చల్లబడ్డాక వేళ్ళతో దగ్గరకి తీసి, అమ్మమ్మ చేతిలో పెట్టడం పిన్ని వంతు. అమ్మమ్మ ఆ ముద్దని పళ్ళెంలో పడేసి, తల కాస్త పక్కకి వాల్చి వినేది.

"ఇంకా లేతే."

మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ముద్ద.

"ఇంకొక్క పొంగు రానీ."

నాలుగోసారికో ఐదోసారికో 'టంగ్' మనేది. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఒక్క కేక పెట్టేది. "దించండి! ఏటర్రా అలా చూస్తన్నారు? పాకం మీకోసం కూకుంటదేటి?"

ఆ కేకతో ఇల్లంతా కదిలేది. ఒకరు వేయించిన వేరుసెనగపప్పు మూకుడులో గుమ్మరించేవారు. ఒకరు గరిటె తిప్పేవారు. పళ్ళాలకి నెయ్యి రాసి సిద్ధంగా ఉంచడం మా పిల్లల పని. పేకముక్కలు కింద పడేసి మావయ్యలు కూడా వచ్చి కూర్చోవలసిందే. అరచేతులకి బియ్యప్పిండి అద్దుకుని, ఉఫ్ ఉఫ్ అనుకుంటూ, వేడివేడి ముద్ద తీయడం, గబగబా చుట్టి పళ్ళెంలో పడేయడం. పది పన్నెండు మంది చుట్టూ కూర్చుంటే ఐదారు నిమిషాల్లో మూకుడు ఖాళీ. ఆ ఐదారు నిమిషాలూ ఎవరి నోటా మాట ఉండేది కాదు. మాట్లాడుతూ కూర్చుంటే పాకం బిగిసిపోతుంది మరి.

మన పిండివంటల్లో చాలావాటిని ఒక మనిషి ఒంటిచేత్తో చేసుకోవచ్చు. జంతికలు తీరిగ్గా వత్తుకోవచ్చు. సున్నుండల పిండిలో నెయ్యి పోసుకుంటూ నింపాదిగా కట్టుకోవచ్చు, మధ్యలో ఎవరైనా పిలిస్తే పలకరించి రావచ్చు. పాకంతో కట్టే ఉండ అలా కాదు. దానికి పది చేతులు కావాలి, అవి కూడా ఒకే సమయానికి కావాలి. పండక్కి అందరూ చేరారు కాబట్టి మిఠాయి చేసుకున్నాం అంటాం మనం. నాకు మాత్రం అది తిరగేసి చూస్తేనే సరిగ్గా ఉంటుందనిపిస్తుంది. అందరూ చేరితే తప్ప తయారు కాని మిఠాయిని ఏరికోరి పండక్కి పెట్టుకున్నారు మన పెద్దలు.

ఏరికోరి అని ఊరికే అనడం లేదు. కాలం కూడా చూసుకున్నారు. చెరకు గానుగలు చలికాలంలోనే జోరుగా ఆడతాయి కాబట్టి సంక్రాంతికి బెల్లం కొత్తది. వానాకాలం పంటగా వేసిన నువ్వులు, వేరుసెనగ అప్పటికి ఇంటికి చేరి ఎండి ఉంటాయి. నువ్వుల్లో, వేరుసెనగలో బరువులో సుమారు సగం నూనే. చలికి ఒంటికి కావలసింది అదే. వీటన్నిటికంటే పెద్ద సంగతి గాలి. గట్టి పాకం గాలిలోని తేమని పీల్చుకుంటుంది. శ్రావణమాసంలో ఇవే ఉండలు చేసి చూడండి, రెండోనాటికి చెమటలు పట్టి జిగటైపోతాయి. పుష్యమాసంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నిలవుంటాయి.

ఇక బెల్లం మాట. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పేరున్నది. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే గానుగ దగ్గరే మా మకాం. పెద్ద పెనంలో చెరకురసం మరుగుతూ ఉంటే పైకి తేలిన మడ్డిని తీసి పారబోస్తూ ఉండేవారు. రసం దగ్గరపడి, బుడగలు పెద్దవై, 'బుడుక్ బుడుక్' మని పేలే వేళకి మేం ఆకులు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఒక గరిటెడు వేడి బెల్లం ఆకులో పడేది. ఆరేదాకా ఊదుకుంటూ నాకడమే. నాకు తెలిసిన మొదటి మిఠాయి అది. షాపులో చాక్లెట్టు చూసింది తరవాతెప్పుడో.

బెల్లం కొనేటప్పుడు ఒక జాగ్రత్త చెబుతాను. తెల్లగా, పసుప్పచ్చగా మెరిసే దిమ్మని చూసి మోజు పడకండి. ఆ రంగు తేలడానికి హైడ్రోస్ అనే మందు కలిపేవాళ్ళున్నారు. దాని అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. కాస్త ముదురు రంగులో ఉండి, కొట్టగానే ముక్కలుగా విరిగే దిమ్మ పాకానికి మంచిది. చెయ్యి పెడితే మెత్తగా నలిగిపోయే బెల్లం పరమాన్నంలో వేసుకోండి, ఉండలకి వద్దు.

మంచి దిమ్మే దొరికిందనుకుందాం. దాన్ని కొట్టి, కొద్దిగా నీళ్ళు పోసి, కరిగించి, పలచటి గుడ్డలో వడకట్టాలి. గానుగ దగ్గరి ఇసక, చెరకు పీచు గుడ్డలో ఉండిపోతాయి. వడకట్టిన నీళ్ళు మళ్ళీ పొయ్యెక్కిస్తే పాకం మొదలైనట్టు.

పాకం అంటే చాలామందికి అదేదో మంత్రంలా అనిపిస్తుంది. నిజానికి అక్కడ జరిగేది ఒక్కటే. నీళ్ళు ఆవిరై పోతుంటాయి, తీపి చిక్కబడుతుంటుంది. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని బళ్ళో చదువుకున్నాం. అందులో పంచదార ఎంత చిక్కబడితే మరిగే వేడి అంత పైకి పోతుంది. 110 డిగ్రీల చుట్టుపక్కల రెండు వేళ్ళ మధ్య తీగ సాగుతుంది, అది తీగపాకం. 112 నుంచి 116 మధ్య నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ అవుతుంది. అరిసెలు, పాకుండలు దీనితోనే. అక్కడికి నూటికి 85 పాళ్ళు తీపే, మిగతాది నీళ్ళు. ఇంకా కాగనిస్తే ఉండ గట్టిపడుతూ పోతుంది. 145, 150 డిగ్రీలకి చేరేసరికి నీళ్ళు నూటికి ఒక పాలు మిగిలితే గొప్ప. అప్పుడే అది గాజులా విరుగుతుంది, పళ్ళెంలో మోగుతుంది. నీటి తడి పోయిందనడానికి ఆ మోతే సాక్ష్యం.

ఇవి పంచదార లెక్కలు. బెల్లంలో పంచదారతోపాటు వేరే చక్కెరలూ, లవణాలూ ఉంటాయి. అందుకని దిమ్మ దిమ్మకీ లెక్క మారుతుంది, మాడిపోవడమూ తొందరే. థర్మామీటరు కొనుక్కున్నా పక్కన గిన్నెడు నీళ్ళు, ఒక పళ్ళెం తప్పవు.

ఇప్పుడు కొలతలు. కాగితం, కలం ఉంటే రాసుకోండి. వేరుసెనగ ఉండలకి అర కేజీ గుళ్ళు, 350 గ్రాముల బెల్లం, ఒక చెంచా నెయ్యి, నాలుగు యాలకులు. గుళ్ళని సన్నటి సెగమీద ఓపిగ్గా వేయించండి. పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. పొట్టు దానంతటదే ఊడుతున్నప్పుడు దించి, గుడ్డలో వేసి నలిపి, చేటలో చెరగండి. బద్దలైతే ఉండ బాగా పట్టుకుంటుంది. నువ్వుల ఉండలకైతే పావుకేజీ నువ్వులకి 200 గ్రాముల బెల్లం చాలు. నువ్వులు చిటపటమనగానే దించేయాలి. ఒక్క నిమిషం ఎక్కువైతే చేదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పప్పు పొద్దున్నే వేయించి పెట్టుకుంటారు. సాయంత్రం పాకం వేడిగా ఉంటుంది, పప్పు చల్లగా ఉంటుంది. చల్లటి పప్పు పడగానే పాకం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. పాకం మరుగుతుండగానే పప్పుని పక్క పొయ్యిమీద ఒకసారి వెచ్చ చేసుకోండి. ఉండ కట్టడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు చేతికొస్తాయి. అప్పటికీ మధ్యలో గట్టిపడితే కంగారు పడొద్దు. మూకుడుని సన్నటి సెగమీద ఒక్క నిమిషం ఉంచండి, మళ్ళీ వదులవుతుంది.

ఇంత తెలిసినదాన్ని నేనూ బోల్తాపడ్డాను. హైదరాబాదులో ఉద్యోగం, ఆ సంక్రాంతికి సెలవు దొరకలేదు. ఊరికి వెళ్ళలేకపోతేనేం, ఊరిని ఇక్కడికే తెచ్చుకుంటానని బడాయికి పోయాను. రాత్రి ఎనిమిదింటికి కేజీ వేరుసెనగతో ఒక్కదాన్నే మొదలుపెట్టాను. పాకం బ్రహ్మాండంగా కుదిరింది. పళ్ళెం టంగ్ మంది. పప్పు పోశాను, కలిపాను, కూర్చుని కట్టడం మొదలెట్టాను. పదమూడు ఉండలయ్యాయి. పద్నాలుగోదానికి చెయ్యి పెడితే మూకుడులో ఉన్నది ముద్ద కాదు, బండ. వెచ్చ చేద్దామని స్టవ్ వెలిగించేసరికి గ్యాసు అయిపోయింది. పచ్చడిబండ తీసుకుని కొట్టాను. మిఠాయి పగల్లేదు గానీ మూకుడు సొట్టపోయింది. బెల్లం కొట్టిన రాయిలా ఉండడమంటే ఏమిటో ఆ రాత్రి అర్థమైంది. నోట మాట రాలేదు.

చప్పుడుకి పక్క ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ తలుపు తట్టింది. నిజామాబాదు మనిషి. లోపలికొచ్చి, మూకుడు చూసి, నన్ను చూసి, "గిది ఒక్కరితోని అయ్యే పనేనా బిడ్డా? నన్ను పిలవకపోతివి" అంది. మర్నాడు ఆవిడే వచ్చి కూర్చుని ఒంటరి మనుషుల దారి చూపించింది. ఉండ కట్టకుండా, వేడిగా ఉండగానే నెయ్యి రాసిన చెక్కపీటమీద మొత్తం కుమ్మరించి, అప్పడాల కర్రతో గబగబా ఒత్తి, చాకుతో గీతలు గీసేయడం. ఆరాక గీతల వెంబడి విరుచుకోవడమే. ఆవిడ దాన్ని పల్లి పట్టీ అంది. గోదావరి జిల్లాల్లో అచ్చు అంటారు. తమిళనాడులో కోవిల్‌పట్టి ఊరు ఇలాంటి వేరుసెనగ మిఠాయితోనే పేరు తెచ్చుకుంది, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంట్లో ఇద్దరే ఉంటారా? మీరు పట్టీ చేసుకోండి. చేతులు కాలవు, మూకుడు సొట్టపోదు.

ఆ తరవాత హోలీకి ఆవిడ మా పాపకి చక్కెర పేర్లు పంపింది. పంచదారతో పోసిన బిళ్ళల దండ. తెలంగాణలో హోలీనాడు పిల్లల మెడలో వేస్తారు. పాప రోజంతా మెడలో దండ వేసుకుని తిరుగుతూ, తిరుగుతూనే సగం తినేసింది. దాన్ని చూడగానే నాకు మా వైపు పంచదార చిలకలు గుర్తొచ్చాయి. పెళ్ళిళ్ళకీ సీమంతాలకీ సారెలో పళ్ళాలనిండా తెల్లగా, గులాబీరంగులో నిలబడే చిలకలు. కర్ణాటకలో సంక్రాంతికి నువ్వులు, బెల్లం, కొబ్బరి కలిపి పంచుతూ పక్కన పెట్టే చక్కెర అచ్చులు కూడా ఈ చిలకల చుట్టాలే.

చిలకలు పోయడం పిల్లలకి చూపించవలసిన వేడుక. చెక్క అచ్చులు ముందుగానే నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే పంచదార చెక్కని పట్టుకుని వదలదు. రెండు గ్లాసుల పంచదారకి గ్లాసు నీళ్ళు. మరిగేటప్పుడు రెండు చెంచాల పాలు పోస్తే మురికి నురగలా పైకి తేలుతుంది, తీసేయొచ్చు. తీగపాకం దాటాక దించి, గరిటెతో బాగా తిప్పాలి. అప్పటిదాకా నీళ్ళలా తేటగా ఉన్న పాకం ఉన్నట్టుండి తెల్లబడుతుంది, పాలలా మబ్బు పడుతుంది. ఆ క్షణాన అచ్చులో పోయాలి. పది నిమిషాలాగి అచ్చు విప్పితే ముక్కూ రెక్కలతో చిలక.

దీనికి పూర్తిగా ఎదురు నడిచేవి జీళ్ళు. తీర్థాల్లో, తిరనాళ్ళలో అమ్మే నువ్వు జీళ్ళు తినని బాల్యం మన దగ్గర అరుదు. వాటికి పాకం తెల్లబడితే పని చెడినట్టే. కారణం చెబుతాను. పాకం చల్లారేటప్పుడు తిప్పినకొద్దీ పంచదార మళ్ళీ పలుకు కడుతుంది. చిలకకి ఆ పలుకే కావాలి, అందుకని తిప్పుతాం. జీడికి పలుకు పనికిరాదు, అది సాగాలి. అందుకని మరిగేటప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, గరిటె ముట్టకుండా వదిలేయాలి. నిమ్మపులుపు పంచదారలో కొంత భాగాన్ని విడగొట్టి రెండు చిన్న చక్కెరలుగా మారుస్తుంది. అవి మధ్యలో అడ్డుపడి పలుకు కట్టనివ్వవు.

ముదిరిన పాకాన్ని నెయ్యి రాసిన బండమీద పోసి, చెయ్యి ఓర్చుకోగలిగేంత చల్లారాక తీసి లాగాలి. జీళ్ళు కట్టేవాళ్ళు గుంజకి కొట్టిన కొక్కేనికి తగిలించి లాగుతారు. మన ఇంట్లో కొక్కెం ఉండదు కాబట్టి ఎదురుబొదురుగా ఇద్దరు కూర్చోవాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు లాగాలి, మడిచి మళ్ళీ లాగాలి. లాగినకొద్దీ లోపలికి గాలి చేరి, గోధుమరంగు పాకం బంగారు రంగుకి, అక్కడినుంచి లేత పసుపుకి తిరుగుతుంది. అప్పుడు వేయించిన నువ్వుల్లో దొర్లించి, కత్తెరతో ముక్కలు చేయడమే. టీవీ సీరియళ్ళు జీడిపాకంలా సాగుతున్నాయని విసుక్కుంటాం గానీ, నిజం జీడిపాకం ఐదు నిమిషాలకంటే సాగదు. ఆలోపు పని కాకపోతే విరిగిపోతుంది.

పిల్లల దగ్గర జాగ్రత్త గురించి ఒక మాట. మరిగే నీళ్ళు ఒంటిమీద పడితే జారిపోతాయి. పాకం జారదు. నీళ్ళకంటే నలభై యాభై డిగ్రీలు ఎక్కువ వేడితో చర్మానికి అంటుకుని కూర్చుంటుంది. పొయ్యి చుట్టూ పదేళ్ళలోపు పిల్లల్ని రానివ్వకండి. వాళ్ళకి నువ్వుల్లో రాళ్ళు ఏరడం, పళ్ళాలకి నెయ్యి రాయడం అప్పజెప్పండి. మూకుడు అడుగున చివరి నాలుగు ముద్దలు గోరువెచ్చన అయ్యాక వాళ్ళ చేతికివ్వండి. పొరపాటున ఎవరికైనా చురుక్కుమంటే వెంటనే కుళాయి కింద చల్లటి నీళ్ళ ధారలో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టులూ పసుపులూ పూయొద్దు. బొబ్బలెక్కితే డాక్టరు దగ్గరకి వెళ్ళడమే.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పది చేతులు పది ఊళ్ళలో ఉన్నాయి. మా పిన్నికూతురి కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ సంక్రాంతి పనిరోజున వస్తే పండగ శనివారానికి జరుగుతుంది. కిందటేడు తెలుగు స్నేహితుల్ని నాలుగిళ్ళవాళ్ళని పిలిచి ఉండలు కట్టించాడు. పాకం పొయ్యిమీద ఉండగా నాకు ఫోన్ చేశాడు. వీడియోలో రంగు చూపిస్తాడనుకున్నాను. "పెద్దమ్మా, చూడక్కర్లేదు, విను" అని పళ్ళాన్ని ఫోన్ దగ్గర పెట్టి ముద్ద పడేశాడు. 'తప్'. "ఇంకా లేతేరా" అన్నాను. ఆ మాట నా నోటినుంచి అమ్మమ్మ గొంతుతో వచ్చింది. నిమిషం తరవాత మళ్ళీ పడేశాడు. సముద్రాల అవతలినుంచి టంగుమంది. దించమని నేను కేక పెట్టేలోపే అక్కడ వెనకాల ఎవరో కేక పెట్టారు, ఫోన్ మూకుడు పక్కన బోర్లా పడింది. ఆ తరవాత కాసేపు ఎవరి మాటా వినబడలేదు. నాకు సంతోషమేసింది. పని సరిగ్గా జరుగుతోందన్నమాట.

చివరిగా అమ్మమ్మ సంగతే ఇంకొకటి చెప్పి ముగిస్తాను.

పాకం ఆగదు కాబట్టి ఉండని నున్నగా తీర్చిదిద్దడానికి ఎవరికీ తీరిక ఉండదు. ఎవరి చేతికి ఎలా వస్తే అలాగే బిగుసుకుపోతుంది. మా పెద్దమావయ్యది నిమ్మకాయంత, ఒక పక్క అణిగి ఉండేది. పిన్నివి గోలీల్లా గుండ్రంగా, అన్నీ ఒకే కొలత. అత్తయ్య తొందరమనిషి, ఆవిడ ఉండల్లో పప్పు ముళ్ళలా బయటికి పొడుచుకొచ్చేది. పిల్లలు కట్టినవి అసలు ఉండలే కావు. పిడికిట్లో నొక్కితే వేళ్ళ సందుల్లో ఎలా తేలిందో అలాగే ఉండేవి, నాలుగు వేళ్ళ గాళ్ళతో సహా. అన్నీ కలిపి ఒకే డబ్బాలో పోసేవారు.

కనుమ, ముక్కనుమ అయ్యాక అందరం ఎక్కడివాళ్ళం అక్కడికి వెళ్ళిపోయేవాళ్ళం. ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే. సాయంత్రంపూట అరుగుమీద కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకునేదట. చెయ్యి పెట్టి ఒక ఉండ తీసి, కళ్ళు కనపడవుగా, వేళ్ళతో తడిమి చూసేదట. "ఇది పెద్దోడిది" అని ఒకటి పక్కన పెట్టేదట. "ఇది కోడలిది" అని ఒకటి. వేళ్ళ గాళ్ళున్నది తగిలితే, తన వేళ్ళు ఆ గాళ్ళలో పెట్టి చూసుకునేదట. పట్టేవి కావు, చిన్న చేతులు కదా. దాన్ని తినకుండా మళ్ళీ డబ్బాలో వేసేసేదట. ఎదురింటావిడ ఈ సంగతి చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

మాఘమాసం వెళ్ళేదాకా డబ్బా అడుగున అవే మిగిలేవట.

ఈ పండక్కి మీ ఇంట్లో పాకం పళ్ళెంలో చక్కగా మోగాలి.